బ్లడ్ కల్చర్‌లో ఏమీ పెరగకపోతే రక్తం శుభ్రంగా ఉన్నట్టేనా?

వెంటిలేటర్ మీదున్న మా నాన్నగారికి తెమడలో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా వచ్చింది, బ్లడ్ కల్చర్ ‘నో గ్రోత్’ అన్నారు, మరి బీపీ ఎందుకు పడిపోతోందని ఒకరు అడిగారు.

బ్లడ్ కల్చర్ అంటే రక్తాన్ని బాటిల్‌లో పోసి బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష. ఆ బాటిల్‌లో పెరిగేది బతికున్న బ్యాక్టీరియా మాత్రమే. క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, అసినెటోబాక్టర్ లాంటి బ్యాక్టీరియా తమ పైపొర నుంచి బుడగలు వదులుతుంటాయి. వీటినే వెసికిల్స్ అంటారు. సైజు 20 నుంచి 250 నానోమీటర్లు. లోపల ప్రోటీన్లు, డీఎన్‌ఏ ముక్కలు, ఒక్కోసారి యాంటీబయాటిక్‌ను విరగ్గొట్టే ఎంజైములూ ఉంటాయి. పైపొరలో ఎండోటాక్సిన్ అనే విషపదార్థం. వాచిపోయిన ఊపిరితిత్తి నుంచి ఇవి రక్తంలోకి జారగలవు. ప్రాణం లేనివి కాబట్టి బాటిల్‌ని ఐదు రోజులు ఉంచినా పెరగవు. కానీ ఎండోటాక్సిన్ తగిలితే చాలు, తెల్లకణాలు రెచ్చిపోతాయి. బీపీకి మత్తుమందు, నీరు తగ్గడం, సెంట్రల్ లైన్ (పెద్ద సిరలో పెట్టిన గొట్టం) ఇన్ఫెక్షన్ కూడా కారణాలే, అవీ చూడాలి.

వెసికిల్స్ టెస్టు చేయమని ఆస్పత్రిని అడక్కండి. ప్లాస్మాను 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, భూమ్యాకర్షణకు లక్ష రెట్లు దాటిన బలం పడేలా గంటల తరబడి గిర్రున తిప్పినా, మన రక్తంలోని సొంత వెసికిల్సూ లైపోప్రోటీన్లూ (కొవ్వును మోసే కణాలు) వాటితోనే దిగుతాయి. అది పరిశోధన ల్యాబు పని.

ముందు కల్చర్ ఎలా తీశారో అడగండి. రెండు వేర్వేరు చోట్ల నుంచి రెండు సెట్లు, బాటిల్‌కి 8–10 మిల్లీలీటర్లు, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే. మెరోపెనెం లాంటి యాంటీబయాటిక్ ఎక్కాక ఒక్క బాటిల్‌లో మూడు మిల్లీలీటర్లు పోసి ‘నో గ్రోత్’ అని రాసిన కాగితాన్ని నమ్మడం అన్యాయం.

ఊపిరితిత్తుల్లోకి ఇన్ఫెక్షన్ దిగకుండా అసలు ఆపాల్సింది వెంటిలేటర్ ట్యూబు దగ్గర. శ్వాసనాళంలో ట్యూబు చుట్టూ ఉండే గాలి బెలూన్‌ని కఫ్ అంటారు. నోటి ఉమ్మి దాని పైన మడుగు కడుతుంది. కఫ్ ప్రెషర్ 20 సెంటీమీటర్ల నీటి కంటే తగ్గితే బెలూన్ ముడతల వెంట ఆ ఉమ్మి బొట్లుబొట్లుగా కిందికి దిగుతుంది. 30 దాటితే నాళం గోడకు రక్తం అందదు. ప్రతి షిఫ్టులో, పేషెంటును తిప్పాక, స్కానింగ్‌కి తీసుకెళ్లి వచ్చాక మానోమీటర్‌తో (ప్రెషర్ కొలిచే మీటర్) చూసి 25 దగ్గర ఉంచాలి. మీటర్ తగిలించేటప్పుడే కొంత గాలి పోతుంది, మళ్లీ సరిచేయాలి. బయటి చిన్న బెలూన్‌ని వేళ్లతో నొక్కి ‘బాగానే ఉంది’ అనడం కొలత కాదు.

తల వైపు ఎత్తు 30–45 డిగ్రీలు ఉండాలి. మంచం 30 చూపిస్తున్నా మనిషి కిందికి జారిపోయి ఉంటే ఛాతీ దాదాపు బల్లపరుపుగానే ఉంటుంది. లోపలికి వెళ్లినప్పుడు నడుము మంచం మడత దగ్గరే ఉందో లేదో చూడండి, లేకపోతే పైకి జరపమని సిస్టర్‌గారిని అడగండి.