పాస్‌వర్డ్ లేని వైఫై గురించి అల్లుడికి

అల్లుడూ,

పక్కింటివాళ్ల వైఫైకి పాస్‌వర్డ్ లేదు, నా రూమ్‌లో సిగ్నల్ నిండుగా వస్తోంది, వాడుకుంటే తప్పేముంది మామా అని అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని రాస్తున్నాను. ఖమ్మంలో ఇన్నేళ్లుగా ఇంటింటికీ ముందు కేబుల్, తర్వాత ఇంటర్నెట్ లైన్లు లాగి బతుకుతున్నవాణ్ణి. వ్యాపారబుద్ధితో చెప్తున్నాడు అనుకుంటావేమో. అనుకో, ఫర్వాలేదు, చదివాక నువ్వే తేల్చుకో.

అడగకుండా వాడకు. వెళ్లి అడుగు, ఇస్తే వాడుకో. ఇవ్వకపోయినా, "మీ వైఫై తెరిచి ఉందండీ" అన్న మాట మాత్రం చెప్పి రా. నా జవాబు ఇంతే. ఎందుకో చెప్తాను.

"వాళ్ల వరండా లైటు వెలుతురు మా మెట్ల మీద పడుతుంది, ఆ వెలుతుర్లో చదువుకుంటే దొంగతనమా?" అన్నావు. గ్రూప్స్‌కి చదివేవాడివి, వాదన బాగానే పట్టుకున్నావు. కానీ నువ్వు మెట్ల మీద చదివినంత మాత్రాన వాళ్ల హాల్లో వెలుతురు తగ్గదు. ఇంటర్నెట్ తగ్గుతుంది. ఆ ఇంట్లో ఇద్దరే ఉంటారని, కూతురు అమెరికాలో ఉందని నువ్వే చెప్పావు. అలాంటి ఇళ్లకు నేను చాలాసార్లు కంప్లయింట్ మీద వెళ్లాను. రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్ మొదలవుతుంది. అవతల మనవడు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోతాడు, మాట ఒకచోట, బొమ్మ ఒకచోట. పెద్దావిడ ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గరికీ గుమ్మం దగ్గరికీ తిరుగుతుంది. రూటర్ పేజీ తెరిచి చూస్తే, ఆ ఇంటికి సంబంధం లేని ఫోన్లు రెండు మూడు తగులుకుని ఉంటాయి. ఒకటి సినిమా దింపుతూ ఉంటుంది. ఆ ముసలివాళ్లు మాత్రం "మీ లైన్ బాగుండదు బాబూ" అని నన్ను తిడతారు.

రెండో సంగతి ఇంకా పెద్దది. ఇంట్లో ఎన్ని ఫోన్లు, టీవీలు ఉన్నా మామూలుగా బయటికి కనిపించేది ఒక్క ఐపీ అడ్రసే, అంటే ఇంటర్నెట్‌లో ఆ కనెక్షన్‌ని గుర్తుపట్టే నంబరు. ఆ వైఫై మీద నువ్వు ఏం చేసినా అది ఆయన పేరు మీదే బయటికి వెళ్తుంది. రేపు ఏదైనా తేడా వచ్చి పోలీసులు కంపెనీని అడిగితే, కంపెనీ తీసి ఇచ్చేది కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో ఆ పేరు, ఆ ఇంటి నంబరు. పక్క రూమ్‌లో ఉన్న నీ సంగతి కంపెనీకి తెలియదు.

ఇదేదో ఊహించి చెప్తున్నది కాదు. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో వరసగా బాంబులు పేలాయి. పేలడానికి కొద్ది నిమిషాల ముందు టీవీ ఛానళ్లకు ఒక ఈమెయిల్ వచ్చింది. ఆ ఐపీ అడ్రస్ పట్టుకుని వెళ్తే నవీ ముంబైలోని సాన్‌పాడాలో ఒక ఫ్లాట్ తేలింది. అందులో ఉండేది ఒక అమెరికన్. కంప్యూటర్లు పట్టుకెళ్లారు, మనిషిని ప్రశ్నించారు, పేపర్లన్నీ ఆయన పేరుతో నిండిపోయాయి. చివరికి తేలిందేమిటంటే ఆయన వైఫైకి తాళం లేదు, ఎవరో బయటినుంచి వాడుకున్నారు. సెప్టెంబర్ 13న ఢిల్లీలో పేలుళ్లు జరిగినప్పుడు కూడా అలాంటి మెయిలే చెంబూరులోని ఒక కంపెనీ వైఫై మీదుగా వెళ్లింది. 2009లో టెలికాం శాఖ ఇంటర్నెట్ కంపెనీలకు వైఫై భద్రత మీద ఆదేశాలు ఇచ్చింది.

నువ్వు అలాంటి పనులు చేస్తావని కాదురా. ఆ వైఫై నీ ఒక్కడికే తెరిచి లేదు. అశోక్‌నగర్‌లో ఒక్కో బిల్డింగ్‌లో ఎంతమంది కుర్రాళ్లు ఉంటారో నీకు నాకంటే బాగా తెలుసు. నీకు కనిపించింది వాళ్లకూ కనిపిస్తుంది. వాడకపోయినా చెప్పి తీరాలి అంటున్నది అందుకే. అసలు నన్నడిగితే, ఊరికే ఒక జీబీ వాడుకున్నదాని కంటే తెలిసీ చెప్పకుండా ఊరుకోవడమే ఎక్కువ తప్పు.

"తెరిచి పెట్టుకున్నారంటే వాడుకోమనేగా" అన్నది నీ రెండో వాదన. ఎందుకు తెరిచి ఉంటుందో లైన్లు వేసేవాణ్ణి నేను చెప్తాను విను. ఈ కాలం రూటర్లు అడుగున స్టిక్కర్ మీద పాస్‌వర్డ్‌తోనే వస్తాయి. మరి తెరిచి ఉందంటే, పై గదికి సిగ్నల్ అందట్లేదని ఎవరో పాత రూటర్ ఒకటి తెచ్చి తగిలించి ఉంటారు, దానికి పాస్‌వర్డ్ పెట్టి ఉండరు. లేకపోతే టీవీ రిమోట్‌తో ఆ అక్షరాలు ఒక్కొక్కటే నొక్కలేక పెద్దాయన విసుగెత్తి తీసేయించుకుని ఉంటాడు. నెట్ ఆగిపోయిందని ఎవరో పిన్నుతో రీసెట్ కొట్టి ఉన్నా ఉండొచ్చు. కొన్ని పాత మోడళ్లు ఆ తర్వాత పాస్‌వర్డ్ లేకుండానే లేస్తాయి. ఇందులో ఏదీ "రండి, వాడుకోండి" అని పెట్టింది కాదు. రైల్వే స్టేషన్‌లో ఓటీపీ కొట్టించుకుని అరగంట ఫ్రీగా ఇస్తారు చూడు, అది నీ కోసం పెట్టింది. టిఫిన్ సెంటర్ వాడు గోడ మీద పాస్‌వర్డ్ అంటించాడంటే ఇడ్లీ తిన్నవాడు వాడుకోమనే. అక్కడ మొహమాటం అక్కర్లేదు.

చట్టం సంగతి కూడా తెలుసుకో, నీ సిలబస్‌లోకే వస్తుంది. ఐటీ చట్టం 2000లో 43వ సెక్షన్, యజమాని గానీ దాన్ని చూసుకునేవాళ్లు గానీ అనుమతి ఇవ్వకుండా నెట్‌వర్క్‌లోకి వెళ్లడం గురించి చెప్తుంది. పాస్‌వర్డ్ ఉందా లేదా అన్నది అక్కడ ప్రశ్న కాదు, అనుమతి ఉందా అన్నదే ప్రశ్న. ఆ పని దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పక్కింటి వైఫైలో క్లాసులు విన్నాడని నిన్ను ఎవరూ జైల్లో వెయ్యరులే, నాకు తెలుసు. కానీ సర్కారీ ఉద్యోగం వస్తే అటెస్టేషన్ ఫారంలో నీ మీద ఏవైనా కేసులున్నాయా అని అడుగుతారు. ఎవడో చేసిన వెధవ పనికి విచారణ జరిగి, ఆ రూటర్‌లో నీ ఫోన్ పేరు కూడా కనిపిస్తే ఎంత టెన్షనో ఆలోచించు.

ఒక్క మినహాయింపు ఇస్తాను. రేపు పొద్దున పరీక్ష, హాల్ టికెట్ దిగలేదు, నీ డేటా అయిపోయింది, వాళ్లు ఊళ్లో లేరు. అప్పుడు ఆ ఐదు నిమిషాలు వాడుకో. వాళ్లు రాగానే చెప్పు. దానికి ఎవరూ ఏమీ అనుకోరు. ఫోన్ దానంతటదే తగులుకుంటోందని అన్నావు, అది నీ తప్పు కాదు గానీ, తెలిశాక ఆ నెట్‌వర్క్ మీద నొక్కి "ఫర్గెట్" కొట్టెయ్.

ఎలా అడగాలో చెప్తాను, ఎందుకంటే మీ అమ్మ పోలికే నీది, అడగడానికి నోరు రాదు. మధ్యాహ్నం వాళ్లు నడుం వాల్చే వేళకు వెళ్లకు, సాయంత్రం వెళ్లు. ముందు నీ అవసరం చెప్పకు. "అంకుల్, మీ వైఫైకి పాస్‌వర్డ్ లేదు, వీధిలో ఎవరైనా వాడుకోవచ్చు, మీకు ఇబ్బంది అవుతుంది" అని మొదలుపెట్టు. సరిచేసి పెట్టమంటారా అని అడుగు. నీ క్లాసుల సంగతి ఆ తర్వాత. బిల్లులో వంతు ఇస్తానని చెప్పొచ్చు గానీ, చాలా కంపెనీల షరతుల్లో కనెక్షన్ ఇల్లు దాటి ఇవ్వకూడదని ఉంటుంది. అదీ ఆయనకు చెప్పు, చూసుకుని నిర్ణయం ఆయన్నే తీసుకోనీ. "మా అమ్మాయిని అడిగి చెప్తాం బాబూ" అన్నారంటే చాలావరకు కాదన్నట్టే. మళ్లీ గుచ్చి అడగకు, ముఖం మాడ్చుకోకు.

ఇంకో మాట. బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే రూటర్ పేజీ వస్తుందని, చాలా ఇళ్లలో అడ్మిన్, అడ్మిన్ అని కొడితే తెరుచుకుంటుందని నీకు తెలిసే ఉంటుంది. ఆయన సరే అనేదాకా దాని జోలికి వెళ్లకు, "సరిచేద్దామనే" అయినా సరే. ఆయన పక్కన కూర్చుని ఉండగా తెరువు. వైఫైకి తాళం వేసే పద్ధతి డబ్ల్యూపీఏ2 గానీ, ఉంటే డబ్ల్యూపీఏ3 గానీ ఎంచి పాస్‌వర్డ్ పెట్టి, రూటర్ పేజీ తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చు. పాస్‌వర్డ్ మారగానే టీవీ, సీసీ కెమెరా, ఇద్దరి ఫోన్లూ ఊడిపోతాయి. అవన్నీ మళ్లీ కలిపి, యూట్యూబ్‌లో ఒక పాట ఆడించి చూపించాకే లేచి రా. మా కుర్రాళ్లు కూడా ఇక్కడే సగం చేసి వచ్చేస్తారు, మర్నాడు నాకు ఫోన్. పాస్‌వర్డ్ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి వాళ్ల చేతికే ఇవ్వు. అడ్మిన్‌ది వాళ్ల అమ్మాయికి పంపమను, నీ దగ్గర ఉంచుకోకు. నీకు ఇస్తామంటే గెస్ట్ నెట్‌వర్క్ వేరే పెట్టించుకో, ఎప్పుడు కావాలంటే అప్పుడు దాన్నొక్కదాన్నే ఆపేసుకోవచ్చు వాళ్లు.

ఇచ్చాక సినిమాలు దింపకు. రూమ్మేట్‌కి క్యూఆర్ కోడ్ చూపించకు, అది నీది కాదు ఇవ్వడానికి. రాత్రి వాళ్ల కాల్ టైమ్‌లో క్లాసులు ఆపి పుస్తకం పట్టుకో.

వాళ్లు కాదంటే మాత్రం ఏమీ మునిగిపోదు. నీ రోజువారీ డేటా అర్ధరాత్రి దాటితే మిగిలింది పోతుంది కదా, పదకొండింటికి మర్నాటి క్లాసు దింపి పెట్టుకో. మాస్టారు బోర్డు మీద రాసింది కనిపిస్తే చాలు, వీడియో హెచ్‌డీలో అక్కర్లేదు. పగలు ఎలాగూ చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలోనే కూర్చుంటున్నావు. మీ ఫ్లోర్‌లో నలుగురైదుగురు కలిస్తే ఓనర్‌ని అడిగి మీరే ఒక కనెక్షన్ పెట్టించుకోవచ్చు, తలా ఒక బిర్యానీ ఖర్చు కూడా కాదు. అయితే అది ఎవరి పేరు మీద తీసుకుంటారో ముందే ఆలోచించుకోండి, పైన చెప్పిన గొడవంతా ఆ పేరు గలవాడికే.

ఇంకా ఎవరిదో తెలియని ఓపెన్ వైఫై మీద డబ్బు లావాదేవీలు చెయ్యకు. బ్యాంకు యాప్‌లో లోపలి సమాచారానికి తాళం ఉంటుంది గానీ, నువ్వు ఏ సైట్లకు వెళ్తున్నావో నెట్‌వర్క్ నడిపేవాడు చూడగలడు. పక్కింటి పేరే పెట్టి ఎవడైనా ఇంకో వైఫై తెరిచినా నీ ఫోన్‌కు తేడా తెలియదు.

శనివారం వెళ్లి మాట్లాడు. ఆయన సరే అంటే ఆయన్ని అడిగి రూటర్ అడుగున మోడల్ నంబర్ ఉన్నచోట ఫోటో తీసి పంపు, పాస్‌వర్డ్ ఉన్న ముక్క మీద వేలు పెట్టి తియ్యి. ఆ మోడల్‌లో ఏది ఎక్కడ ఉంటుందో నేను ఫోన్లో చెప్తాను. ఆదివారం పొద్దున పదిలోపు చెయ్, ఆ తర్వాత నేను స్తంభాల మీద ఉంటాను.

మీ మామయ్య