పతకం రాకపోతే ప్రతిభ లేనట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్లు. కొండవెలగాడలో వెయిట్ లిఫ్టింగ్ నేర్చుకుంటోంది. జిల్లా పోటీల్లో ఇంతవరకు పతకం రాలేదు. ప్రతిభ ఉన్నదీ లేనిదీ ఎలా తెలుస్తుంది? పెద్ద శిక్షణకు ఖర్చు ఎవరు భరిస్తారు?
– ఒక తండ్రి, విజయనగరం జిల్లా

జవాబు: ఈ వయసులో పతకాలు నమ్మదగిన కొలమానం కావు. తోటివారికంటే ముందుగా ఒళ్లు ఎదిగిన పిల్లలే ఈ ఈడులో తరచు గెలుస్తారు. మిగిలినవారు కూడా ఎదిగేసరికి ఆ ఆధిక్యం చాలావరకు తగ్గిపోతుంది. అనుభవం గల శిక్షకులు బరువుకన్నా ముందు, పైకి లాగిన బార్ కిందికి పిల్ల దూరే వేగాన్ని, భుజాలూ చీలమండలూ వంగే తీరును, చెప్పిన తప్పును పిల్ల ఎంత త్వరగా దిద్దుకుంటుందన్న దానిని గమనిస్తారు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 1990లో అక్క వెంట జాతీయ శిబిరానికి వెళ్లినప్పుడు కోచ్ లియోనిద్ తరనెంకో కంటబడ్డారు. సిడ్నీ ఒలింపిక్స్ కాంస్యం 2000లో, అంటే మరో పదేళ్లకు వచ్చింది.

ఖర్చు విషయానికొస్తే, కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియాకు ఎంపికైనవారికి శిక్షణ, వసతులతోపాటు నెలకు రూ.10,000 భత్యం ఇస్తారు. 2014లో మొదలైన టాప్స్ (టార్గెట్ ఒలింపిక్ పోడియం) పథకం ఒలింపిక్ పతకానికి చేరువైనవారి కోసమే. ఎంపికకు ముందు ఏళ్లలో తిండి, ప్రయాణాల భారమంతా మీవంటి కుటుంబాలపైనా, ఊరి శిక్షకులపైనా పడుతోంది. ఇది వ్యవస్థలోని పెద్ద లోపమనే నా అభిప్రాయం. ప్రస్తుతానికి గరిష్ఠ బరువులకు తొందరపెట్టకుండా, చదువు మాన్పించకుండా, శిక్షకుడి పర్యవేక్షణలో మెళకువలు నేర్వనివ్వండి.