అమ్మణ్ణీ, పెద్దోళ్ల చేతికి పనిచ్చేటప్పుడు

అమ్మణ్ణీ,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పినప్పటి నుంచి అదే ఆలోచన. మీ అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్లందర్నీ శనివారం శనివారం కింద హాల్లో కూర్చోబెట్టి చేతి పనులు చేయిస్తానన్నావే, చిత్తూరులో మనోళ్లకి అది ఎంత అవసరమో నాకు తెలుసు, చాలా సంతోషమైంది. కానీ ఐస్‌క్రీమ్ పుల్లలూ రంగు పేపర్లూ మెరుపుల జిగురూ ఆర్డర్ పెట్టేశానన్నావు చూడు, దాని కోసమే ఈ ఉత్తరం. వీలైతే వాపసు పంపించెయ్.

ఇక్కడ తిరుపతిలో మా గుంపు మొదలైనప్పుడు నేనూ అదే చేసినా. మొదటి వారం పుల్లలతో ఫోటో ఫ్రేమ్ అన్నా. ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టర్ గారు పుల్ల చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, నెమ్మదిగా టేబుల్ మీద పెట్టేసి, మోకాలు నొప్పిగా ఉందమ్మా అని లేచి వెళ్లిపోయినారు. నాలుగు వారాలు మళ్లీ రాలేదు. నలభై ఏళ్లు పిల్లలకి చదువు చెప్పినాయన చేతికి ఒకటో తరగతి పిల్లోడి పని ఇచ్చినా కదా అని నాకు ఆ రాత్రంతా బాధే. అప్పటి నుంచి ఒకటి పెట్టుకున్నా, మనం చేయించేది ఎవరికో ఒకరికి నిజంగా పనికిరావాల, సాయంత్రానికి చెత్తబుట్టలోకి పోయేది కాకూడదు.

అందుకే వత్తులతో మొదలుపెట్టు. పత్తి ఖర్చు తక్కువ, కత్తెర అక్కర్లేదు, కళ్లు సరిగ్గా కనపడకపోయినా వేళ్లకి తెలుస్తుంది. వేళ్లు జారకుండా కొంచెం విభూతి ఒక గిన్నెలో పెట్టు. కార్తీక మాసం ముందైతే ఇంకా మంచిది, పౌర్ణమికి 365 వత్తుల కట్ట కావాలి కదా ప్రతి ఇంటికీ, పది మంది కూర్చుని తలా 37 చేస్తే ఒక కట్ట అయిపోయి 5 మిగుల్తాయి. లెక్క పెట్టే పని మగవాళ్లకి ఇవ్వు, మా దగ్గర బస్సు కండక్టర్‌గా చేసినాయన ఒకరున్నారు, పదేసి కట్టి పక్కన పెడతా ఆయన చెప్పే లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. వత్తులు చేయడం ఆడవాళ్ల పని అని కూర్చున్న మగవాళ్లు లెక్కతో మొదలుపెట్టి మూడో వారానికి వాళ్లే పత్తి తీసుకున్నారు.

తర్వాత పూలు. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే నేను చూసిన వాటిల్లో దీన్ని మించింది లేదు. మా గుంపులో ఒక అవ్వ ఉంది, మతిమరుపు బాగా ముదిరింది, కూతురు పక్కన కూర్చుంటే ఈమె ఎవురు అని నన్ను అడుగుతుంది. ఒకరోజు కనకాంబరాలూ మరువమూ ముందు పెట్టి అరటి నార చేతికిచ్చినా. నారని రెండు వేళ్ల మధ్య లాగి చూసి, "తడపలేదే, తెగిపోతుంది గదా" అని నాకు వెనక్కిచ్చేసింది. నిజమే, నేను తడపడం మర్చిపోయినా. తడిపి ఇచ్చేసరికి రెండు పూలు ఇటు, రెండు అటు, మధ్యలో ఒక రెమ్మ మరువం, చుట్టి మెలికేసి బిగించడం, అలా మూర పొడుగు కట్టింది, మోచేయి నుంచి కొలిచి చూసుకుంది కూడా. ఆ కూతురు అట్లే చూస్తా ఉండిపోయింది. పేర్లు పోయినా చేతికొచ్చిన పని చాలామందిలో చివరి దాకా ఉంటుందమ్మా, దాన్ని వాడుకో.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా చూసుకో. భర్త పోయిన వాళ్లు కొందరు పూల బుట్ట కనపడగానే కుర్చీ వెనక్కి జరుపుకుంటారు. వాళ్లని అందరి ముందూ బలవంతం చేయొద్దు, పర్వాలేదులే తల్లీ అని జాలిగా మాట్లాడొద్దు కూడా, అది ఇంకా నొప్పి. బుట్ట మధ్యలో పెట్టి నారలు అందరి ముందూ ఒకేలా పెట్టెయ్. కట్టేది గుడికి అని ముందే చెప్పు, స్వామికి కట్టే పూలు కదా, ఎవరూ తల్లో పెట్టుకునేవి కావు, అట్లా అనేసరికి మా దగ్గర ముగ్గురు వాళ్లంతట వాళ్లే దగ్గరికి జరిగినారు. ఇష్టం లేకపోతే పత్తి ఎటూ ఉంది.

కొత్తది ఏదన్నా నేర్చుకోవాలని అడిగేవాళ్లు ఉంటారు, వాళ్లకి కలంకారీ, అంటే గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసే పని. భయపడొద్దు, కాళహస్తి వాళ్లు చేసినట్టు నెలల తరబడి చేసేది కాదు, జేబురుమాలంత గుడ్డ చాలు. నాకు దీంట్లో అన్నిటికంటే నచ్చింది ఆ కలమే. వెదురు పుల్ల చివర మొన చెక్కి, మొనకి కొంచెం పైన ఊలు గుడ్డ లావుగా చుట్టి దారంతో కడతారు, ఊలు రంగు పీల్చుకుంటుంది, వేలితో నొక్కితే మొనకి దిగుతుంది. కీళ్లు బిగుసుకున్న వాళ్లకి సన్నటి పెన్ను పట్టుకోవడం కష్టం గానీ ఇది లావుగా ఉంటుంది కాబట్టి బాగా పట్టు దొరుకుతుంది. కలాలు చుట్టే పనే ఒక వారం పెట్టుకోవచ్చు. గుడ్డని కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండబెట్టు, పాలు పట్టిన గుడ్డ మీద రంగు పాకదు. నలుపుకి తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టాల. ఆ నీళ్లు గిన్నెలో చూస్తే ఇదేం నలుపు అనిపిస్తుంది, గీత గీసినాక కరక్కాయ పట్టిన గుడ్డ మీద కళ్ల ముందే నల్లగా తిరుగుతుంది, అది చూసినప్పుడు అందరూ పక్కవాళ్ల గుడ్డ మీదికి వంగి చూస్తారు! వాసన మాత్రం వస్తుంది, కిటికీలు తెరిచి పెట్టు. మామిడి పిందె, హంస లాంటివి చాలు మొదట్లో. ఈ పనికే కాళహస్తి జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ ఇచ్చినారు అని ముందుగా చెప్పు. మా హెడ్‌మాస్టర్ గారు తిరిగొచ్చింది ఈ కలం కోసమే, ఇప్పుడు కొత్తగా వచ్చినోళ్లకి నేర్పించేది ఆయనే.

వినాయక చవితికి మట్టి తెప్పించు, కాణిపాకం పక్కనే ఉన్నోళ్లు మీరు, వేరే చెప్పాలా. బంకమట్టి ముందు రోజే నానబెట్టాల, చేతులు గోరువెచ్చటి నీళ్లలో ఐదు నిమిషాలు పెట్టుకున్నాక మొదలుపెడితే వేళ్లు బాగా వంగుతాయి. కళ్లకి గురివింద గింజలు మాత్రం వద్దు, మనం ఎప్పుడూ పెట్టేవే గానీ అవి విషం, మతిమరుపు ఉన్నవాళ్లు నోట్లో వేసుకుంటే ప్రమాదం, మిరియాలు పెట్టు.

పాత చీరలు పీలికలు చేసి జడల్లి పట్టలు కుట్టడం కూడా బాగుంటుంది, ఒకరు కొస పట్టుకుంటే ఇంకొకరు అల్లాల కాబట్టి మాటలు వాటంతటవే వస్తాయి. కానీ వాటిని కాళ్ల కింద వెయ్యనియ్యొద్దు, టైల్స్ మీద జారి తుంటి ఎముక విరిగితే మంచం పట్టేస్తారు, కుర్చీలో వేసుకునేలా చెయ్యి. మందుల షాపుకి పేపర్ కవర్లు సరే. ఎండుపూల పొడితో ధూపం అని ఒకసారి చేసినాం, టీటీడీ వాళ్లు 2021లో స్వామివారి పూలతో అగరబత్తీలు మొదలుపెట్టినప్పుడు అందరికీ ఉత్సాహం వచ్చి, కానీ ఆ పొడికి ఆయాసం ఉన్నవాళ్లకి ఒకటే దగ్గు, మానేసినాం.

టేబుల్ మీద ముదురు రంగు గుడ్డ పరువు, మల్లెలూ పత్తీ తెల్లటి టేబుల్ మీద పెడితే కళ్లల్లో పొర ఉన్నవాళ్లకి కనపడవు. చేతులున్న కుర్చీలే వెయ్యి, లేచేటప్పుడు పట్టుకోవాల కదా. ముప్పావు గంట పని, తర్వాత టీ, షుగర్ ఉన్నవాళ్లకి వేరే ఫ్లాస్కు. పోటీలు బహుమతులు పెట్టొద్దు, అది నాకసలు నచ్చదు, చేతులు వణికేవాళ్లు రెండోసారి రారు.

ఇంకొకటి, ఇది మర్చిపోవద్దు. వాళ్లు చేసింది వంకరగా ఉన్నా వాళ్లు పోయినాక విప్పి సరిచేయొద్దు. మా దగ్గర ఒకమ్మాయి మంచి మనసుతోనే ఒక మాల విప్పి మళ్లీ కట్టింది, ఆ పెద్దావిడ కళ్లజోడు మర్చిపోయి వెనక్కొచ్చి అది చూసింది. ఏమీ అనలేదు. పూల దగ్గరికి మాత్రం మళ్లీ రాలేదు, ఇప్పటికీ పత్తి దగ్గరే కూర్చుంటుంది.

బుధవారం మీ పెదనాన్న చిత్తూరు వస్తా ఉన్నారు, ఆయన చేత రెండు కట్టల నార, ఆరు కలాలు, ఒక సీసాలో నల్ల రంగు పంపిస్తా. సీసా మూత బిగించొద్దు, పొంగుతుంది, గుడ్డ కట్టి నిలబెట్టు. నార శనివారం పొద్దున్నే తడిపి తడి గుడ్డలో చుట్టి పెట్టు.

మీ పెద్దమ్మ