ఒకే టబ్బులో చిక్కుడు, గోంగూర, మిరప: ఎరువు వేసినా మిరప ఎందుకు సాగిపోతోంది?

డాబా మీద పెద్ద టబ్బులో చిక్కుడు, గోంగూర, మిరప కలిపి వేశారు. మిరప సన్నగా సాగిపోతోంది, వర్మీకంపోస్ట్ వేసినా పూత రావట్లేదు, ఇంకాస్త వేయాలా అని అడిగారు. దయచేసి వేయకండి. ఆ మొక్కకు కావలసింది ఎండ.

నేను బెంగళూరులో కె.ఆర్.పురం వైపు అద్దింటి డాబా మీద చాలా ఏళ్లుగా కూరగాయలు పెంచుతున్నాను. కలిపి వేసిన చోట ఎరువు పడితే ముందు ఎగబాకేది గోంగూరే. దాని ఆకులు విచ్చుకున్నాక కింద మిరపకు వెలుగు అందదు. మట్టిలో పోటీ కొంత నయం, చిన్న మొక్కకూ దాని వేర్ల మేరకు ఎంతో కొంత దక్కుతుంది. వెలుగు పైనుంచి వస్తుంది కదా, రెండంగుళాలు ఎత్తున్నది ముందే తీసేసుకుంటుంది. కిందిది పైదాని మీద నీడ వేయలేదు. అందుకే ఆ చిన్న తేడా రోజురోజుకూ పెరుగుతుంది.

2009లో స్విట్జర్లాండ్ పరిశోధకులు దీన్ని చక్కగా తేల్చారు. గడ్డిమైదానంలో పెరిగే రకరకాల మొక్కలు కలిసి ఉన్న చోట ఎరువు వేస్తే కొన్ని జాతులు కనుమరుగయ్యాయి. ఎరువుతో పాటు కింది మొక్కల దగ్గర ట్యూబులైట్లు పెడితే మాత్రం అవి నిలిచాయి. నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగం ఇది.

ఇక మిరప సాగడం రోగం కాదు. ఆకులు ఎర్ర వెలుగును పీల్చేసుకుంటాయి, దాని పక్కనే ఉండే, మన కంటికి దాదాపు ఆనని ఫార్ రెడ్ వెలుగును వదిలేస్తాయి. కాబట్టి ఆకుల నీడలో ఎరుపు తక్కువ, ఫార్ రెడ్ ఎక్కువ. మొక్కలోని ఫైటోక్రోమ్ అనే పదార్థం ఆ తేడాను పసిగడుతుంది. వెంటనే కాండం పొడవుకే ఖర్చు పెట్టి, కొమ్మల్నీ వేర్లనీ వెనక్కి నెడుతుంది. 1990లో ఆవాలు, ఉమ్మెత్త జాతుల మొలకల మీద చేసిన ప్రయోగంలో ఇంకో సంగతి బయటపడింది: పక్క మొక్క నీడ పడకముందే, దాని ఆకుల మీంచి తిరిగొచ్చే ఫార్ రెడ్‌తోనే కాండం సాగడం మొదలైంది! అందుకే టబ్బులో ఎడం ముఖ్యం.

అల్లం, పసుపు వేరే తరహా. నీడలో ఇంతగా సాగవు, ఉన్న కాస్త వెలుగుతో సర్దుకుంటాయి. చిక్కుడు కింద వాటిని వేసుకోండి, మిరపను కాదు.

చిక్కుడు తీగ కదా, సొంత కాండం లావు చేసుకోకుండా ఇతరుల ఎత్తును వాడుకుంటుంది. దానికి విడిగా, డాబా ఉత్తరం అంచున పందిరి వేయండి. మన బెంగళూరు సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మధ్యాహ్నం ఆరడుగుల పందిరి నీడ ఉత్తరానికి దాదాపు నాలుగున్నర అడుగులు పడుతుంది, అది గోడ అవతలికి పోతుంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు కాబట్టి నీడ దక్షిణానికి తిరుగుతుంది. కానీ జూన్‌లోనూ అది అడుగు పైన ఉంటుందంతే, మిరప కుండీలు ఆ మేర జరిపితే చాలు.

గోంగూరను పైనుంచి తరచూ కోసి వండుకోండి, పొట్టిగా గుబురుగా ఉంటుంది. మిరపను వేరే కుండీలోకి మార్చేటప్పుడు ఒక్కసారిగా మండుటెండలో పెట్టకండి. నీడలో పెరిగిన ఆకులు పలచన, మాడిపోతాయి. ముందు పొద్దుటి ఎండ తగిలే చోట కొన్నాళ్లు ఉంచండి. సాగిన కాండం మళ్లీ పొట్టిదవదు, కోలుకున్నాక చివర తుంచితే కింది కణుపుల నుంచి కొమ్మలు వస్తాయి. వాటిలో కణుపులు దగ్గర దగ్గరగా ఉంటే ఎండ సరిపోతున్నట్టే, అప్పుడు కంపోస్ట్ వేయండి.