డాక్టర్ సలహా: జీన్‌లో లోపం అన్నారు.. రోజూ పొట్టకు సూదులు తప్పవా?

ప్రశ్న: నా వయసు 27. మాది పరకాల దగ్గర పల్లె. రెండుసార్లు గర్భం నిలిచి పోయింది, ఒకసారి ఏడో వారంలో, ఇంకోసారి తొమ్మిదో వారంలో. హనుమకొండలో రక్త పరీక్షలు చేయిస్తే 'ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ సీ677టీ హెటిరోజైగస్' అని, హోమోసిస్టీన్ 23 అని వచ్చింది. జీన్‌లో లోపముంది, మళ్లీ నెల తప్పితే కాన్పు దాకా రోజూ పొట్టకు సూది వేసుకోవాలన్నారు. మా అత్తమ్మ 'పిల్ల రక్తంలనే దోషమున్నదట' అని వాడకట్టంతా చెప్తున్నది. మేం మాంసం, గుడ్లు తినం. గ్యాస్ గోలీ రెండేళ్లుగా వాడుతున్నా. ఇంకో అనుమానం. మా అమ్మకు కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ ఇస్తున్నారు. అది ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందట. మరి దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ కూడా ఎందుకు రాశారు?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీ అత్తమ్మకు చదివి వినిపించాల్సిన మాట చెప్తాను. మీ రక్తంలో దోషం లేదు. ప్రతి జీన్‌కూ మనలో రెండు కాపీలుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. మీకు ఒక కాపీలో ఒకే ఒక్క అక్షరం తేడాగా ఉంది. హెటిరోజైగస్ అంటే అంతే. ఈ తేడా ఎంతోమందిలో ఉంటుంది, పరీక్ష చేయించుకోరు కాబట్టి వాళ్లకు తెలియదు. పరీక్ష చేస్తే అత్తమ్మకే ఉండొచ్చు!

ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ అనేది ఆ జీన్ పేరు, అది తయారుచేసే ఎంజైమ్ పేరు కూడా. ఒక కాపీ మారితే ఆ ఎంజైమ్ సుమారు 65 శాతం పనిచేస్తుంది. రెండూ మారితే 30 శాతం దాకా పడిపోతుంది. మీది మొదటి రకం. ఒక కాపీ తేడాతో గర్భాలు పోతాయనడానికి ఆధారం లేదు. అందుకే పదే పదే గర్భస్రావమయ్యేవారికి అసలు ఈ పరీక్షే చేయించొద్దని అమెరికాలోని మెడికల్ జెనెటిక్స్ కాలేజీ (జన్యు వైద్యుల సంఘం) 2013లోనే చెప్పింది. కేవలం ఈ రిపోర్టు చూసి తొమ్మిది నెలలు హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) సూదులు పొడిపించుకోవడం నాకు సమ్మతం కాదు. ఖర్చు ఒక ఎత్తు, రక్తస్రావం భయం ఇంకో ఎత్తు.

మరి రక్తంలో ఉండే హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం 23 ఎందుకొచ్చింది? మామూలుగా 15 లోపు ఉండాలి. నాకు అనుమానం ఇక్కడే. మీరు రాసిన పరీక్షల్లో విటమిన్ బీ12 లేదు.

ఆకుకూరల నుంచి, గోలీల నుంచి వచ్చిన ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ దీని గోలీ రూపమే) ఒంట్లో కొన్ని ఎంజైమ్‌ల చేతులు మారుతూ పోతుంది. కొంత డీఎన్‌ఏ తయారీకి వాడకమవుతుంది. కొంత ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ దగ్గరికొచ్చి మిథైల్ ఫోలేట్‌గా మారుతుంది. అక్కడి నుంచి వెనక్కి దారి లేదు. కాజీపేట జంక్షన్‌లో బండి ఒక లైను మీదికి ఎక్కిందనుకోండి. ఆ లైను మీద బండిని లాగే ఇంజన్ పేరు మెథియోనిన్ సింథేజ్, దానికి డీజిల్ బీ12. డీజిల్ లేకపోతే బోగీలన్నీ అక్కడే నిలిచిపోతాయి. ఒంట్లో ఫోలేట్ ఉన్నా అక్కరకు రాదు. మెథియోనిన్‌గా మారాల్సిన హోమోసిస్టీన్ రక్తంలో పేరుకుంటుంది.

బీ12 మొక్కల్లో దొరకదు. మాంసం, గుడ్లు లేని ఇంట్లో పాలు, పెరుగే దిక్కు. దానికి తోడు మీకు రెండేళ్ల గ్యాస్ గోలీ. కడుపులో ఆమ్లం తగ్గితే తిండిలోని బీ12 సరిగా విడివడదు. కాబట్టి బీ12 పరీక్ష చేయించండి. మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కంటే తక్కువైతే లోపమే, 200-300 మధ్య ఉన్నా నేనైతే ఊరుకోను. అది తేలకుండా ఐదు మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మింగుతూ పోవద్దు. రక్తహీనత పైకి సర్దుకున్నట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. అరికాళ్లలో తిమ్మిర్లు, సూదులతో గుచ్చినట్టు ఉంటే ఆ సంగతి కూడా డాక్టర్‌కు చెప్పండి.

ఇంకో చిన్న విషయం. పల్లెలో రక్తం తీసి, వేరు చేయకుండా గంటల తరబడి ఉంచి ల్యాబ్‌కు పంపితే, రక్తకణాల నుంచి హోమోసిస్టీన్ బయటికొచ్చి, నిజానికి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మళ్లీ చేయించేటప్పుడు పరగడుపున ల్యాబ్‌కే వెళ్లి ఇవ్వండి.

గర్భాలు పోయిన కారణం విడిగా వెతకాలి. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం పిండంలోని క్రోమోజోముల తేడా వల్లే, దానికి తల్లి చేసిన తప్పేమీ ఉండదు. థైరాయిడ్, షుగర్, గర్భసంచి ఆకారం చూపించుకోండి. రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉన్నాయేమో తప్పకుండా చూడాలి, ఉన్నాయని తేలితే 12 వారాల తర్వాత మళ్లీ చూసి ఖాయం చేసుకోవాలి. అప్పుడు మాత్రం ఆస్పిరిన్, హెపారిన్ నిజంగా పనికొస్తాయి. సూదులు వద్దన్నది మీ జీన్ రిపోర్టు కోసమే, దీనికి కాదు.

ఫోలిక్ యాసిడ్ మానొద్దు. బిడ్డ వెన్నునాళం (మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం) గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుంటుంది. చాలామందికి నెల తప్పిందని అప్పటికి ఇంకా తెలియదు. అందుకే గర్భానికి కనీసం నెల ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టాలి. మీ ఎంజైమ్ మామూలు ఫోలిక్ యాసిడ్‌ను కూడా వాడుకుంటుంది, ఖరీదైన మిథైల్ ఫోలేట్ గోలీలే కావాలనేం లేదు. పుంటికూర, తోటకూర, పెసర్లు, బొబ్బర్లు మనకు ఎట్లాగూ అలవాటే. ఉడికించిన నీళ్లు మాత్రం పారబోయకండి, ఫోలేట్ అందులోకే దిగుతుంది. ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్‌కు తోడుండేది బీ2 విటమిన్, అది పాలు పెరుగుల్లో ఉంటుంది.

ఇక మీ అమ్మగారి మందు. మీరు విన్నది నిజమే. ఫోలిక్ యాసిడ్‌ను ఒంటికి పనికొచ్చేలా మార్చే డీహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్‌ను మెథోట్రెక్సేట్ అడ్డుకుంటుంది. ఈ కథలో మనవాడొకరున్నారు, భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు. 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది ఆయన బృందమే, దాన్ని అడ్డుకునే మందులు పుట్టిందీ అక్కడే. పిల్లల రక్త క్యాన్సర్‌కు మొదట పనిచేసిన మందుల్లో అవీ ఉన్నాయి. కీళ్లవాతానికి ఇచ్చేది చాలా చిన్న డోసు, అది పనిచేసే తీరు కూడా కొంత వేరు. అందువల్ల ఫోలిక్ యాసిడ్ కలిపినా మందు బలం పెద్దగా తగ్గదు. నోటి పుండ్లు, వికారం, కాలేయానికి ఇబ్బంది తగ్గుతాయి.

కానీ ఒక్కటి గట్టిగా గుర్తుంచుకోండి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. చాలా కంపెనీలవి రెండూ చిన్న పసుపు గోలీలే, పెద్దవాళ్లు పొరబడతారు. స్ట్రిప్ మీద పెన్నుతో 'ఆదివారం' అనో, డాక్టర్ చెప్పిన ఇంకో రోజో రాసిపెట్టండి. మెథోట్రెక్సేట్ గర్భాన్ని పోగొట్టే మందు కూడా. పుట్టింటికి వెళ్లినప్పుడు మీ ఫోలిక్ యాసిడ్ అయిపోయిందని అమ్మ డబ్బాలోంచి తీసుకుని వేసుకోకండి.