ఎనిమిది నిమిషాల్లో ఆలోచనకు చోటు

ప్రశ్న: అనంతపురం జిల్లా ఉరవకొండ ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతికి భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. పిల్లలకు సొంతంగా ఆలోచించి సమస్యలు పరిష్కరించే అలవాటు చేయాలని శిక్షణ తరగతుల్లో చెబుతున్నారు. బృందాలుగా కూర్చోబెట్టి చర్చించమంటే ఒకరిద్దరే మాట్లాడుతున్నారు, మిగిలినవారు వారి ముఖాలు చూస్తూ కూర్చుంటున్నారు. సిలబస్ ఒత్తిడి ఎలాగూ ఉంది. 45 నిమిషాల పీరియడ్‌లో దీనికి చోటెక్కడ?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: మీ పిల్లలు మాట్లాడకపోవడానికి వారి బిడియం కంటే మీరు అనుసరిస్తున్న వరుసే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. ఎవరికి వారు ఆలోచించుకునే వ్యవధి ఇవ్వకముందే చర్చ మొదలుపెట్టిస్తే, ముందుగా నోరు తెరిచిన వారి మాటే బృందం మొత్తానికీ దారి అవుతుంది. తక్కినవారు దానికి తలూపడమే తప్ప మరో దారి వెతకరు. అందరూ కలిసి కూర్చుని తోచినదల్లా చెప్పే పద్ధతికి ప్రచారం తెచ్చినవాడు అమెరికా ప్రకటనల రంగానికి చెందిన అలెక్స్ ఆస్‌బోర్న్. మంచిచెడ్డల తీర్పును కాసేపు ఆపి ఉంచాలన్న ఆయన నియమం నేటికీ పనికివచ్చేదే. అయితే 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో టేలర్, బెర్రీ, బ్లాక్ అనే పరిశోధకులు, కలిసి చర్చించిన నలుగురి జాబితాను విడివిడిగా ఆలోచించిన నలుగురి జాబితాల మొత్తంతో పోల్చి చూడగా, పునరుక్తులను తీసివేసిన తరువాత కూడా విడిగా ఆలోచించినవారి వైపే ఎక్కువ ఆలోచనలు తేలాయి.

కనుక మీకు కావలసింది ఎనిమిది నిమిషాలే. మొదటి రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా నోటుపుస్తకం వెనుక పేజీలో తోచినవి రాసుకోవాలి. తరువాతి మూడు నిమిషాలు పక్కవారితో పోల్చుకోవాలి. చివరి మూడు నిమిషాల్లో మీరు వాటిని బోర్డు మీదికి ఎక్కించాలి. చేతిలో రాసుకున్న కాగితం ఉన్న పిల్ల, మామూలుగా పెదవి విప్పనిదైనా, దాన్ని చూసి చదవగలదు.

సమస్యను మాత్రం పిల్లల కళ్లెదుట ఉన్నదాని నుంచే తీసుకోండి. మధ్యాహ్న భోజనం తరువాత పళ్లేలు కడిగే కుళాయిల దగ్గర తోపులాట చాలా బడుల్లో ఉన్నదే. ‘ఉన్న రెండు కుళాయిలతోనే, రూపాయి ఖర్చు లేకుండా, గంట కొట్టేలోగా అందరి పళ్లేలూ శుభ్రపడాలి. ఎలా?’ అని అడగండి. ఈ హద్దులు లేకపోతే తరగతి మొత్తం ‘ఇంకో నాలుగు కుళాయిలు వేయించాలి’ అని రాసి కలం మూసేస్తుంది. హద్దు ఉన్నప్పుడే ఒకరు తరగతికీ తరగతికీ అయిదు నిమిషాల తేడాతో వదలమంటారు, ఇంకొకరు మెతుకులను ముందే ఒక గంపలో దులిపితే సగం నీళ్లు చాలంటారు, మరొకరు తొలి కడుగు బకెట్‌లో, మలి కడుగు కుళాయి కింద అంటారు, ఆ నీటిని పాది తీసి వేపచెట్టుకు మళ్లించాలని వేరొకరికి తోస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ మాత్రమే వాన పడే జిల్లాలో నీటి విలువ గురించి మీరు వేరే ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు. మరునాడు అందులో ఒక ఉపాయాన్ని నిజంగా అమలుచేసి చూడటం మాత్రం తప్పనిసరి. లేకపోతే పిల్లలు దీన్ని కూడా ఒక రాతపనిగానే లెక్కగడతారు.

బోర్డు మీద రాసేటప్పుడు ‘శభాష్’ అనకండి. ఇది కఠినంగా తోచవచ్చు, కానీ మొదటి జవాబుకు మెప్పు దొరికిందంటే తక్కినవారు అలాంటిదే మరొకటి చెప్పడానికి చూస్తారు. అన్నిటినీ ఒకే సైజు అక్షరాలతో రాసి, తీర్పును చివరికి ఉంచండి. అలాగే ప్రశ్న వేసిన వెంటనే జవాబుకోసం తొందరపడకండి. ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారనీ, దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు నిడివిలోనూ సంఖ్యలోనూ పెరుగుతాయనీ మేరీ బడ్ రో అనే విద్యావేత్త తరగతి గదుల టేపులు విని తేల్చారు. మూడు సెకన్ల మౌనం వినడానికి చిన్నదే గాని, బోర్డు ముందు నిలబడినవారికి చాలా పొడవుగా ఉంటుంది.

వస్తువులతో చేయించే పనులకు ఒక చిన్న జాగ్రత్త చెబుతాను. కార్ల్ డుంకర్ అనే మనస్తత్వవేత్త, ఒక కొవ్వొత్తిని, అగ్గిపుల్లలను, పెట్టెలో పోసిన పిన్నులను ఇచ్చి, కొవ్వొత్తిని తలుపుకు అమర్చమన్నాడు. పెట్టెనే తలుపుకు గుచ్చి దాని మీద కొవ్వొత్తి నిలబెట్టడం అందులోని కిటుకు. పిన్నులు పెట్టెలోనే ఉన్నప్పుడు అది చాలామందికి తట్టలేదు, ఖాళీ పెట్టె ఇచ్చినప్పుడు ఎక్కువమందికి తట్టింది. మీరూ సుద్దముక్కల డబ్బాను ఒకసారి నిండుగా, ఒకసారి ఖాళీ చేసి ఇచ్చి తేడా గమనించండి. అగ్గిపుల్లలతో మాత్రం పని పెట్టుకోకండి.

ప్రశ్న: పత్తికొండ దగ్గర గణితం చెబుతున్నాను. లెక్కకు ఒకే జవాబు కదా, ఇందులో సృజనకు తావుందా?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: ప్రశ్నను తిరగేస్తే ఉంటుంది. పొడవు 8, వెడల్పు 6 మీటర్లైతే వైశాల్యమెంత అని అడగడానికి బదులు, 48 చదరపు మీటర్ల దీర్ఘచతురస్రాకారపు దొడ్డికి తక్కువ కంచె పడేలా కొలతలు చెప్పమనండి. పూర్ణసంఖ్యల్లో 1×48, 2×24, 3×16, 4×12, 6×8 అని అయిదు రకాలు వస్తాయి. వాటికి కంచె వరుసగా 98, 52, 38, 32, 28 మీటర్లు పడుతుంది. ఇక్కడికి చాలామంది చేరుకుంటారు. అప్పుడు ‘పొడుగు వైపు ఇంటి గోడ ఉంటే?’ అనండి. 4×12కూ, 6×8కూ 20 మీటర్లే సరిపోతుంది. రెండూ సమానం ఎందుకయ్యాయో, దశాంశాలు వాడితే 20 కంటే తక్కువలో కంచె వేయగలమో మీరు చెప్పేయకుండా మరునాటికి ఇంటిపనిగా ఇవ్వండి.