కార్డులు అలవాటైతే మాటలు రావేమోనన్న భయం గురించి

విజయవాడ నుంచి అడిగారు కదా, బాబుకి మూడున్నరేళ్లు, ఆటిజం అన్నారు, ఒక్క మాట కూడా లేదు, స్పీచ్ థెరపిస్ట్ బొమ్మల కార్డులు మొదలుపెడదామంటే మీ అత్తగారు "అవి అలవాటైతే ఇక నోరే తెరవడు" అంటున్నారని. మాది గుంటూరు. మా వాడికి తొమ్మిదేళ్లు, ఇప్పటికీ మాటలు లేవు. అయినా చెబుతున్నాను, కార్డులు ఈ వారమే మొదలుపెట్టండి.

ఇదే భయంతో మేం ఏడాదిన్నర పోగొట్టుకున్నాం. మా అమ్మ వస అరగదీసి నాలుకకు రాసేది (మీరు ఆ పని చేయకండి, మా పిల్లల డాక్టరు గట్టిగా వద్దన్నారు). ఒక సెంటర్లో "బి" అంటేనే బిస్కెట్ అని అందకుండా పైకెత్తి పట్టుకునేవారు. నెల తిరిగేసరికి వాడు బిస్కెట్లు తినడమే మానేశాడు.

తర్వాత దొరికిన థెరపిస్ట్ ముందు బెరా పరీక్ష చేయించి, వినికిడి బాగుందని తేల్చుకున్నారు. మీరింకా చేయించకపోతే ముందు ఆ పని చూడండి. మాకు నేర్పింది పెక్స్ అనే పద్ధతి, 1985లో అమెరికాలో మొదలైంది. పిల్లాడు కార్డు తెచ్చి మన చేతిలో పెట్టాలి, మనం ఆ వస్తువు వెంటనే ఇచ్చేయాలి. మొదట్లో ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఒకరు ఎదురుగా కూర్చుంటే, ఇంకొకరు వెనక నుంచి మాట్లాడకుండా వాడి చేతికి సాయం పట్టాలి. నేను ఊరికే "ఏం కావాలి నాన్నా?" అంటుంటే థెరపిస్ట్ ఆపేవారు. మనం అడిగితే జవాబు చెప్పడం అలవాటవుతుంది, తనంతట తాను వచ్చి అడగడం రాదు. కార్డులు మాటలను ఆపవనే పరిశోధనలు చెబుతున్నాయి, కొందరు పిల్లల్లో మాటలు పెరిగాయి కూడా.

కొనుక్కొచ్చిన బొమ్మల కంటే సొంత ఫొటోలే మాకు పనికొచ్చాయి. మా పెరుగు గిన్నె, వాడి స్టీలు గ్లాసు ఫోన్‌లో ఫొటో తీసి, బ్రాడీపేటలో లామినేషన్ చేయించి, వెనక వెల్క్రో అంటించాను.

అన్నిటికంటే మేలు చేసింది "చాలు" కార్డు. గోళ్లు తీయాలంటే ఇద్దరం పట్టుకోవాలి, వాడు కొరికేవాడు. ఒక ఆదివారం మూడో వేలు దగ్గర చెయ్యి లాక్కుని, ఆ కార్డు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. నెయిల్ కట్టర్ పక్కన పడేశాను. మిగతా ఏడు వేళ్లూ రెండు రోజులు ఆగి తీశాను. అప్పట్నుంచి కొరకడం తగ్గింది. కార్డు ఇచ్చాక మాత్రం తప్పకుండా ఆపాలి, లేకపోతే వాడు మనల్ని నమ్మడు.

క్లాసు ముప్పావు గంటే, మిగతా రోజంతా ఇంట్లోనే గడుస్తుంది. అందుకే ఏ టిఫిన్, ఏ స్నానం దగ్గర ఏ కార్డు వాడాలో థెరపిస్ట్‌నే అడిగి రాసుకోండి. స్టెమ్ సెల్స్ చికిత్స అంటూ లక్షల్లో చెప్పేవాళ్లు తగులుతారు, ఆటిజానికి అది పనిచేస్తుందన్న రుజువు లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఆటిజం కూడా ఉంది కాబట్టి సదరం సర్టిఫికెట్‌కి (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) పెట్టుకోండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంటుంది, థెరపీ ఖర్చులకూ కొంత వస్తుంది.

మీ అత్తగారితో వాదన పెట్టుకోకండి. మా అత్తగారికి నేను అరటిపండు కార్డు పని అప్పజెప్పాను. వాడు వంటింట్లోంచి హాల్లోకి నడిచి వెళ్లి ఆవిడ చేతిలో కార్డు పెట్టిన రోజు, పండు ఒలుస్తూ "నన్నే అడిగాడే అమ్మాయ్" అని రెండుసార్లు అన్నారు.